పాత నంబరు.. కొత్త కారు!

* బ్రిటన్‌లో కోట్లు పలుకుతున్న ‘కొనసాగింపు’ స్పోర్ట్స్ కార్లు
* ధర ఇనుముకు కాదు.. పుట్టుపూర్వోత్తరాలకు
* సరిహద్దు దాటి పాత కారు కొనే మనవారికీ అదే పాఠం

మడకశిర: ఎద్దుల సంతకు వెళ్లిన రైతు ముందుగా పళ్లు చూస్తాడు. తర్వాత సుడులు చూస్తాడు. నాలుగడుగులు నడిపించి చూస్తాడు. చివరికి ‘ఇది ఎవరింటి దూడ?’ అని అడిగి, సమాధానం నమ్మకంగా ఉంటేనే బేరానికి దిగుతాడు. అదే రైతు బెంగళూరు వెళ్లి పాత కారు కొనేటప్పుడు మాత్రం రంగు, సీట్లు చూసి, ఇంజిన్ చప్పుడు విని బయానా ఇచ్చేస్తున్నాడు. అది ఎవరింటి కారో, దాని పుట్టుక ఎక్కడో అడిగేవారు తక్కువ. కర్ణాటక సరిహద్దులోని మడకశిర, గుడిబండ, రొళ్ల, అమరాపురం, అగళి మండలాల్లో కేఏ నంబరు వాహనాలకు కొదవ లేదు. వాటిలో కొన్న వ్యక్తి పేరు మీదికి మారినవి ఎన్ని అన్నది మాత్రం ఎవరికి వారు తమ ఆర్‌సీ తీసి చూసుకోవలసిన విషయం.

కారుకు కూడా పుట్టుపూర్వోత్తరాలు ఉంటాయని, వాటి కోసం కోర్టుల దాకా వెళ్లినవారు ఉన్నారని, ఒక్క నంబరు తేడాతో కోట్ల రూపాయలు తారుమారవుతాయని చెప్పేందుకు ఒక విచిత్రమైన కార్ల జాతి ఉంది. వాటిని ‘కంటిన్యుయేషన్’ కార్లు, అంటే కొనసాగింపు కార్లు అంటారు. అర్ధ శతాబ్దం క్రితం ఆగిపోయిన స్పోర్ట్స్ కారును అదే కంపెనీ, అదే నమూనాలో, ఆనాటి వరుస నంబర్లను కొనసాగిస్తూ ఇప్పుడు తయారుచేసి అమ్మడమే దీని విశేషం. ఇనుము కొత్తది. నంబరు పాత వరుసలోది. మరి ఆ కారు పాతదా, కొత్తదా? దాని వయసు ఎంత? ఆ మాట చెప్పే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నలకు దొరికిన సమాధానాలు కోటీశ్వరులకే కాదు, మూడు లక్షలు పెట్టి పాత కారు కొనే సామాన్యుడికీ పనికివస్తాయి.

అంతర్వేది రథమే ఉదాహరణ

విషయం సులువుగా అర్థం కావాలంటే అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథాన్ని గుర్తుచేసుకోవాలి. 2020 సెప్టెంబరులో ఆ రథం అగ్నికి ఆహుతైన సంగతి విదితమే. 2021 ఫిబ్రవరిలో జరిగిన ఉత్సవాల నాటికి దేవాదాయ శాఖ ఆధ్వర్యంలో కొత్త రథం సిద్ధమైంది. దానిని భక్తులు ఎవరూ నకిలీ రథం అనలేదు. కారణం, దానిని చేయించినవారికి ఆ హక్కు ఉంది. అదే ఆలయం, అదే స్వామి, అదే ఉత్సవం. అదే సమయంలో అది కొత్తగా చేసిన రథమన్న సంగతిని కూడా ఎవరూ దాచలేదు. కాలిపోయిన రథం ఇదేనని ఎవరైనా నమ్మబలికితే మాత్రం అది అబద్ధమయ్యేది.

కొనసాగింపు కారుకు కూడా సరిగ్గా ఈ రెండు నియమాలే ప్రాణం. ఒకటి, తయారుచేసే హక్కు ఉన్నవారే తయారుచేయాలి. రెండు, పుట్టిన సంవత్సరం దాచకూడదు. మొదటిది లేకపోతే అది ‘రెప్లికా’, అంటే అచ్చు దించిన నమూనా. నమూనా అని చెప్పి అమ్మినంతవరకు అదీ నేరం కాదు. రెండోది లేకపోతే, సొంత కంపెనీ తయారుచేసినా అది మోసమే అవుతుంది. ఈ రెండు మాటలకూ చరిత్రలో సాక్ష్యాలు ఉన్నాయి.

అగ్నిప్రమాదం మిగిల్చిన తొమ్మిది

బ్రిటన్‌లోని కోవెంట్రీ నగరంలో జాగ్వార్ కంపెనీకి బ్రౌన్స్ లేన్ అనే కర్మాగారం ఉండేది. 1950వ దశకంలో ఫ్రాన్స్‌లోని లీ మాన్స్ 24 గంటల పందెంలో వరుస విజయాలు సాధించిన డీ-టైప్ రేసు కార్లు అక్కడివే. 1956 చివరికి కంపెనీ రేసుల నుంచి తప్పుకొంది. మిగిలిపోయిన డీ-టైప్‌లను రోడ్డుపై తిరిగేందుకు వీలుగా మార్చి ‘ఎక్స్‌కేఎస్ఎస్’ పేరుతో 25 కార్లు అమ్మాలని నిర్ణయించింది. 1957 ఫిబ్రవరి 12న కర్మాగారంలో అగ్నిప్రమాదం సంభవించింది. 9 కార్లు కాలిపోయాయి. లోకానికి మిగిలినవి 16 మాత్రమే. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ నడిపిన ప్రసిద్ధమైన కారు వాటిలో ఒకటి.

దాదాపు ఆరు దశాబ్దాల తర్వాత, 2016లో ఆ 9 కార్లను తిరిగి నిర్మిస్తామని జాగ్వార్ ప్రకటించింది. ఒక్కో కారు ధర 10 లక్షల పౌండ్లకు పైమాటే. నాటి మారకం విలువ ప్రకారం మన లెక్కలో 9 కోట్ల రూపాయలకు పైనే. అంతకు రెండేళ్ల ముందు, 2014లో ఇదే కంపెనీ ఇంకో పని చేసింది. 1963లో ‘లైట్‌వెయిట్ ఈ-టైప్’ పేరుతో 18 తేలికపాటి రేసు కార్లకు నంబర్లు కేటాయించి, 12 మాత్రమే నిర్మించి ఆపేసింది. దస్త్రాలలో ఖాళీగా మిగిలిన ఆ 6 నంబర్లతో 6 కార్లను నిర్మించింది. 2018లో డీ-టైప్ వంతు వచ్చింది. 1955లో 100 కార్లు చేయాలనుకుని 75 దగ్గర ఆపేసినందున, మిగతా 25 ఇప్పుడు పూర్తిచేస్తామని ప్రకటించింది. జాగ్వార్ 2008 నుంచి మన దేశపు టాటా గ్రూపు యాజమాన్యంలో ఉన్నందున, ఈ పాత నంబర్లపై అంతిమ హక్కు ఒక భారతీయ కంపెనీ చేతిలో ఉండటం గమనార్హం.

మిగతా కంపెనీలూ ఇదే దారి పట్టాయి. ఆస్టన్ మార్టిన్ తన డీబీ4 జీటీని 25 కార్ల మేర కొనసాగించింది. 1964 నాటి జేమ్స్‌బాండ్ చిత్రం ‘గోల్డ్‌ఫింగర్’లోని డీబీ5 కారును అందులోని తమాషా యంత్రాలతో సహా నిర్మించి, ఒక్కోటి 27.5 లక్షల పౌండ్లకు అమ్మకానికి పెట్టింది. అంత సొమ్ము పోసి కొన్నా దానికి సాధారణ రోడ్డు మీద తిరిగే అనుమతి లేదు. బెంట్లీ కంపెనీ 1920వ దశకం చివరలో రేసుల కోసం నిర్మించిన నాలుగు ‘బ్లోయర్’ కార్లలో తన వద్దనున్న దానిని విప్పి, ప్రతి భాగాన్ని లేజరుతో కొలిచి, 12 కొనసాగింపు కార్లకు 2019లో శ్రీకారం చుట్టింది.

ఈ కంపెనీలన్నీ పాటించిన పద్ధతి ఒక్కటే. కార్ల సంఖ్య ఇంతేనని ముందే ప్రకటించాయి. ఏ సంవత్సరంలో నిర్మించినదీ బహిరంగంగా చెప్పాయి. కొన్నవాడికి తాను 1957 నాటి కారు కొనడం లేదని తెలుసు. అతడు కొన్నది ఆ వంశంలో ఆలస్యంగా పుట్టిన బిడ్డను.

తన కారుకు తానే నకిలీ

రెండో నియమం తప్పితే ఏమవుతుందో అమెరికాలో జరిగిన కోబ్రా కారు ఉదంతం చెబుతుంది. టెక్సాస్‌కు చెందిన రేసు డ్రైవరు కారల్ షెల్బీ 1962లో బ్రిటన్‌లోని ఏసీ కార్స్ కంపెనీ తేలికపాటి బండిలో అమెరికా ఫోర్డ్ కంపెనీ బలమైన వీ8 ఇంజిన్ బిగించి కోబ్రాను రూపొందించారు. 1967 వరకు తయారైనవి వెయ్యికి అటూఇటూ మాత్రమే. దానితో వాటికి గిరాకీ విపరీతంగా పెరిగింది. ప్రపంచమంతటా నమూనాలు పుట్టుకొచ్చాయి. అసలు కార్లను తేల్చడానికి నంబర్లే ఆధారమయ్యాయి. సీఎస్ఎక్స్ 2000 మొదలు ఒక వరుస, సీఎస్ఎక్స్ 3000 మొదలు పెద్ద ఇంజిన్ కార్ల వరుస.

ధరలు ఆకాశాన్నంటిన తరుణంలో షెల్బీ ఒక సంగతి బయటపెట్టారు. 1965లో మిగిలిపోయిన ఛాసిస్‌లు తన దగ్గర ఉన్నాయని, వాటితో కార్లు పూర్తిచేస్తున్నానని చెప్పారు. కాలిఫోర్నియా రవాణా శాఖ నుంచి 43 కార్లకు ‘డూప్లికేట్’ యాజమాన్య పత్రాలు కూడా సంపాదించారు. పత్రం పోయిందని రాతపూర్వకంగా ప్రమాణం చేస్తే చాలు, బండి చూపించకుండానే నకలు ఇచ్చే వెసులుబాటు అప్పట్లో అక్కడ ఉండేది. 1993లో లాస్ ఏంజిలెస్ టైమ్స్ పత్రిక దీనిని వెలుగులోకి తెచ్చింది. ఆ నంబర్లతో తాము ఎన్నడూ ఛాసిస్‌లు చేయలేదని ఏసీ కార్స్ లేఖ ధ్రువీకరించింది. అవి 1991, 92లలో కాలిఫోర్నియాలోనే చేయించినవని షెల్బీ తర్వాత అంగీకరించారు.

ఇక్కడ ఆలోచించవలసిన విషయం ఉంది. కోబ్రాను సృష్టించింది ఆయనే. పేరు ఆయనదే. కొత్తవి చేసుకునే హక్కు ఆయనకు ఉంది. ‘ఇవి 1991లో చేసినవి’ అని చెప్పి ఉంటే తప్పుపట్టేవారు ఎవరూ లేరు. పుట్టిన ఏడు మార్చడమే తప్పయింది. ఆ తర్వాత ఆయన సంస్థ సీఎస్ఎక్స్ 4000 అనే వేరే వరుసతో, కొత్తవని చెప్పే కొనసాగింపు కోబ్రాలను అమ్మింది. ఆ కార్లకు నేటికీ మంచి పేరు ఉంది. ధరలో మాత్రం అసలుకూ కొనసాగింపుకూ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. మొట్టమొదటి కోబ్రా సీఎస్ఎక్స్ 2000 కారు 2016లో అమెరికాలో జరిగిన వేలంలో 1.375 కోట్ల డాలర్లు పలికింది. అంటే నాటి విలువలో 90 కోట్ల రూపాయలకు పైగా! కొలతల్లో, వేగంలో కొనసాగింపు కారు దానికి తీసిపోకపోవచ్చు. లేనిదల్లా 1962 నుంచి వచ్చిన చరిత్ర మాత్రమే.

అన్నీ మారినా అదే కారు

ఇందుకు పూర్తిగా ఎదురుగా ఉన్న ప్రశ్న ఒకటి 1990లో లండన్ హైకోర్టు ముందుకు వచ్చింది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ కారు 1929, 1930లలో వరుసగా లీ మాన్స్ పందెం గెలిచింది. 1932లో బ్రూక్‌లాండ్స్ రేసులో ఘోర ప్రమాదానికి గురై డ్రైవరు మరణించాడు. ఆ తర్వాత బండిని తిరిగి నిర్మించారు. ఏళ్ల తరబడి రేసులు, మరమ్మతులతో 1929 నాటి భాగాలు కొద్దిగానే మిగిలాయి. 1990లో ఆ కారును కోటి పౌండ్లకు కొనేందుకు ఒప్పందం కుదిరింది. తీరా కొనుగోలుదారు ‘ఇందులో అసలు భాగాలే లేవు, ఇది ఆ కారు కాదు’ అని వెనక్కి తగ్గాడు. అమ్మకందారు కోర్టుకు వెళ్లాడు.

న్యాయస్థానం అమ్మకందారు పక్షాన తీర్పు చెప్పింది. భాగాలు ఒకేసారి కాక కాలక్రమంలో మారాయి. ఆ కారు ఉనికి మధ్యలో ఎక్కడా తెగిపోలేదు. దానికి పోటీగా అదే పేరుతో మరో కారు లేదు. కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్ అన్నది ఆ తీర్పు సారాంశం. మన పల్లెల్లో నాగలికి కర్రు మారుస్తారు, మేడి మారుస్తారు, కాడి మారుస్తారు. అయినా అది తాతల నాటి నాగలే. వాడుక తెగలేదు గనుక ఆ పేరు తెగలేదు. ఆ న్యాయమే ఈ తీర్పులోనూ కనిపిస్తుంది.

కోబ్రా ఉదంతాన్ని, బెంట్లీ తీర్పును పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సూత్రం బోధపడుతుంది. వాహనం గుర్తింపు దాని ఇనుములో కంటే దాని నిరంతర చరిత్రలో ఉంటుంది. ఆ చరిత్రను చెప్పేవి కాగితాలు, నంబర్లు.

శాసనం లాంటి ఛాసిస్ నంబరు

అమరాపురం మండలం హేమావతిలో నొళంబ రాజుల నాటి ఆలయాలు ఉన్నాయి. వాటిని ఎవరు కట్టించారో, ఎవరు ఏ దానం ఇచ్చారో చెప్పేది జనశ్రుతి కాదు, రాతిపై చెక్కిన శాసనం. కారుకు ఛాసిస్ నంబరు అలాంటి శాసనమే. పాత స్పోర్ట్స్ కార్ల నిజానిజాలు తేల్చే నిపుణులు ముందుగా ఛాసిస్‌పై, ఇంజిన్‌పై కొట్టిన అంకెలు చూస్తారు. వాటిని కర్మాగారపు దస్త్రంతో పోల్చుతారు. ఆ తర్వాత అమ్మకపు బిల్లులు, రిజిస్ట్రేషన్లు, పందేల జాబితాలు, నాటి ఛాయాచిత్రాలు, మరమ్మతుల రసీదులు వరుసగా పేర్చుతారు. మధ్యలో పదేళ్లు ఖాళీ కనిపిస్తే ఆ పదేళ్లలో కారు ఎక్కడుందని ఆరా తీస్తారు. ఏ నంబరు కారు ఎక్కడున్నదీ నమోదు చేసే యజమానుల సంఘాలు కూడా ఉన్నాయి. ఈ ఆధారాల మొత్తమే కారు పుట్టుపూర్వోత్తరాలు.

ఇలాంటి చరిత్ర చెక్కుచెదరకుండా నిలిచిన కారు మన తెలుగు నేలపైనే ఉంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచిన పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ అది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దానికి ఆర్డరు ఇచ్చారు. 1911లో ఆయన మరణించడంతో ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో రాజ వేడుకలకు వాడారు. అది తిరిగిన దూరం 356 మైళ్లు, అంటే సుమారు 570 కిలోమీటర్లు మాత్రమేనని చెబుతారు. ఎవరు చేయించారు, ఎవరు వాడారు, ఎందుకు వాడారు, ఇప్పుడు ఎక్కడుంది అన్న ప్రశ్నలన్నింటికీ దానికి సమాధానం ఉంది. దాని విలువ అక్కడే ఉంది.

ఇప్పటి కార్లకు ఈ శాసనం 17 అక్షరాలు, అంకెల కలయికగా ఉంటుంది. మొదటి మూడు స్థానాలు దేశాన్ని, కంపెనీని తెలుపుతాయి. ఉదాహరణకు మారుతీ సుజుకీ కార్ల నంబరు ‘ఎంఏ3’తో మొదలవుతుంది. ఒకటి, సున్నా అంకెలతో పొరబడకుండా ఆంగ్ల అక్షరాలైన ఐ, ఓ, క్యూలను ఇందులో వాడరు. ఛాసిస్ నంబరులో ఆ అక్షరాలు కనిపించాయంటే ఎక్కడో తేడా ఉందనే అర్థం.

మన చట్టంలో వయసు లెక్క

మన దేశంలో పాత కార్లకు కేంద్ర రవాణా శాఖ 2021 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లను ‘వింటేజ్’గా గుర్తిస్తారు. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో గణనీయమైన మార్పులు జరిగి ఉండకూడదు. నంబరు ప్లేటుపై రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20 వేల రూపాయలు, పదేళ్ల తర్వాత పునరుద్ధరణకు 5 వేలు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం నింపుకోవడం వంటి పనులకే రోడ్డు ఎక్కాలి. నిత్యం తిరగడానికి, అద్దెకు తిప్పడానికి వీలులేదు.

ఈ నిబంధన ప్రకారం చూస్తే కొనసాగింపు కారు ఎంత పాత నమూనా అయినా, ఎంత పాత వరుసలోని నంబరు మోసినా మన దగ్గర వింటేజ్ అనిపించుకోదు. వయసు లెక్క నమూనా నుంచి కాదు, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి మొదలవుతుంది. చట్టం దృష్టిలో 2016లో పుట్టిన కారు 2016 కారే.

మన వాకిట్లోనే ఉదాహరణలు

ఇదంతా ఎక్కడో విదేశాల్లో శ్రీమంతుల గొడవ అనుకోవడానికి వీలులేదు. పక్కనున్న పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019లో కియా పరిశ్రమ ఉత్పత్తి ప్రారంభించినప్పటి నుంచి కారు మన ప్రాంతపు పంట అయింది. 2025లో ఆ పరిశ్రమకు చెందిన 900కు పైగా ఇంజిన్లు మాయమైనట్లు వెలుగు చూసి, పోలీసులు కేసు నమోదు చేసి అరెస్టులు చేసిన సంగతి తెలిసిందే. దారి తప్పిన ఇంజిన్ గాలిలో కలిసిపోదు. ఎక్కడో ఒక బండిలో చేరుతుంది. ఆ బండి కొనేవాడు ఇంజిన్ నంబరును ఆర్‌సీతో పోల్చి చూసుకోకపోతే చోరీ సొత్తు అతడి ఇంటి ముందు నిలిచినట్లే.

అంతకుముందు 2020లో తాడిపత్రి కేంద్రంగా సంచలనం రేపిన లారీల కేసు కూడా పుట్టుక తేదీకి సంబంధించినదే. బీఎస్-3 వాహనాల అమ్మకాన్ని సుప్రీంకోర్టు 2017 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది. ఆ తరహా లారీలను తుక్కు కింద కొని, బీఎస్-4గా చూపి నాగాలాండ్‌లో రిజిస్టరు చేయించి, అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చారన్నది అధికారుల అభియోగం. అలాంటి వాహనాలు 154 ఉన్నట్లు అప్పట్లో రవాణా శాఖ గుర్తించింది. అదే ఏడాది డిసెంబరులో ముంబయి పోలీసులు దేశీయంగా తయారైన స్పోర్ట్స్ కారు ఒకదానిని పట్టుకున్నారు. అవే ఇంజిన్, ఛాసిస్ నంబర్లతో మరో రాష్ట్రంలో ఇంకో కారు రిజిస్టరై ఉందని, అలాంటి వాటిపై రుణాలు కూడా తీసుకున్నారని వారు అభియోగం మోపారు. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానాలే. అయితే ఒకే సర్వే నంబరును ఇద్దరికి రిజిస్టరు చేసినట్లే ఒకే ఛాసిస్ నంబరునూ ఇద్దరికి అంటగట్టే ప్రమాదం ఉందని కొనేవారు గ్రహించాలి.

తాళం చేతికొస్తే యజమాని కాదు

పొలంలో సాగు చేస్తున్నది ఒకరు, అడంగల్‌లో పేరు ఇంకొకరిది అయితే వచ్చే చిక్కులు ఈ ప్రాంత రైతులకు కొత్త కాదు. వాహనానిదీ అదే తీరు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎవరి పేరున రిజిస్టరై ఉందో వారే యజమాని. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనిని మరింత స్పష్టం చేసింది. ఆ కేసులో కారు యజమాని 2007లోనే బండి అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది. రికార్డులో పేరు మాత్రం మారలేదు. 2009లో ప్రమాదం జరిగింది. నష్టపరిహారం బాధ్యత రికార్డులో పేరున్న మొదటి యజమానిదేనని అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. అమ్మేసి డబ్బు తీసుకున్నాం, మనకేం సంబంధం అనుకునేవారు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

కొన్నవాడికీ సుఖం లేదు. బీమా పాలసీ పాత యజమాని పేరున ఉంటే సొంత బండికి జరిగిన నష్టం రాబట్టుకోవడం కష్టమవుతుంది. అమ్మినవాడు మరణిస్తే సంతకాల కోసం వారసుల చుట్టూ తిరగాలి. ఫైనాన్స్ బాకీ ఉందని తెలిస్తే నడిరోడ్డుపై బండి దిగవలసి వస్తుంది.

కొనేముందు చూడవలసినవి

పేరు మార్పునకు చట్టం గడువులు పెట్టింది. ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. కర్ణాటక బండి అయితే అక్కడి కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. దీనికి ఫారం 28 వాడతారు. అమ్మకపు సమాచారానికి ఫారం 29, పేరు మార్పునకు ఫారం 30, రుణం తీరినట్లు ఫైనాన్స్ సంస్థ సంతకంతో ఫారం 35 ఉండాలి. ఆపై మన రాష్ట్రంలో వాహనం వయసును బట్టి పన్ను చెల్లించి కొత్త నంబరు పొందాలి. ఈ ఖర్చును బేరంలోనే లెక్కవేసుకోవాలి. కేఏ బండి చౌకగా వచ్చిందని సంబరపడి, పన్ను కట్టే దగ్గర వెనకడుగు వేయడం వల్లే చాలా బండ్లు పాత పేర్లతో తిరుగుతుంటాయి.

బండి దగ్గరికి వెళ్లినప్పుడు ఆర్‌సీ చేతపట్టుకుని ఛాసిస్ నంబరును అక్షరం అక్షరం పోల్చాలి. దానిపై తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోవాలి. అంకెల వరుస వంకరగా ఉన్నా, చుట్టూ గీసిన, వెల్డింగు చేసిన జాడలున్నా అనుమానించాలి. ఇంజిన్ నంబరు కూడా చూడాలి. ఇంజిన్ మార్చి ఉంటే ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. కేంద్ర రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, బీమా, ఫిట్‌నెస్ గడువు, ఫైనాన్స్ వివరాలు కనిపిస్తాయి. ‘అసలు ఆర్‌సీ పోయింది, డూప్లికేట్ ఉంది’ అని చెప్పే బేరంలో రెండింతలు జాగ్రత్త అవసరం. కాలిఫోర్నియాలో 43 కార్ల కథ డూప్లికేటు పత్రాలతోనే మొదలైంది.

పాత బండ్ల వ్యాపారుల విషయంలో 2023 ఏప్రిల్ నుంచి ఒక మంచి మార్పు అమల్లోకి వచ్చింది. వారు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం పొందాలి. యజమాని బండిని వ్యాపారికి అప్పగించి ఆ విషయం ఆన్‌లైన్‌లో తెలిపితే, తిరిగి అమ్ముడయ్యే వరకు ఆ వ్యాపారినే యజమానిగా పరిగణిస్తారు. అమ్మేవారు వ్యాపారికి అనుమతి ఉందో లేదో చూసుకుని, ఈ సమాచారం నమోదైన రసీదు తీసుకుంటే నిశ్చింతగా ఉండవచ్చు.

నిజం చెప్పిన బండికే విలువ

కొనసాగింపు కార్ల చరిత్ర మొత్తం చూస్తే ఒక మాట తేటతెల్లమవుతుంది. కొత్తదై ఉండటం కారుకు తప్పు కాదు. భాగాలు మారడమూ తప్పు కాదు. ఎప్పుడు పుట్టిందీ, ఎవరి చేతుల మీదుగా వచ్చిందీ దాచడమే తప్పు. నిజం చెప్పిన కొత్త కారును కోట్లు పోసి కొన్నారు. అబద్ధం చెప్పిన కారు, సృష్టికర్త చేతి నుంచి వచ్చినా పరువు పోగొట్టుకుంది.

మన ఊళ్లలో కోబ్రాలు, జాగ్వార్లు లేకపోవచ్చు. వేరుసెనగ అమ్మిన డబ్బుతోనో, పట్టుగూళ్ల రాబడితోనో, వక్కతోట మీది అప్పుతోనో కొన్న పాత కారు ఆ ఇంటికి జాగ్వార్ కంటే తక్కువేమీ కాదు. అది కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము. అందుకే బయానా ఇచ్చేముందు ఎద్దు పళ్లు చూసినట్లు ఛాసిస్ నంబరు చూడాలి. ‘ఎవరింటి దూడ?’ అని అడిగినట్లు ఆర్‌సీ అడగాలి. కొన్న నెలలోపే హిందూపురంలోని రవాణా శాఖ కార్యాలయంలో గానీ, ఆన్‌లైన్‌లో గానీ పేరు మార్పునకు దరఖాస్తు చేసుకోవాలి. ఆ ఒక్క పని పూర్తయ్యేవరకు తాళం మన జేబులో ఉన్నా, చట్టం లెక్కలో బండి ఇంకొకరిదే.